కూలెంట్ లైటు పొద్దున వస్తుంది, పది నిమిషాలకి పోతుంది. సెన్సారా, లీకా?

సెల్లార్_సెడాన్:

నమస్తే అందరికీ. నాది 2015 డీజిల్ సెడాన్, 98 వేలు తిరిగింది, నేను సెకండ్ ఓనర్‌ని. నెల రోజుల్నుంచి ఒకటే టెన్షన్. పొద్దున్నే స్టార్ట్ చేసి అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఎక్కుతుంటే మూడు సార్లు బీప్ కొట్టి, మీటర్లో ఆ నీళ్ళలో థర్మామీటర్ ముంచినట్టుండే బొమ్మ ఎర్రగా కొట్టుకుంటుంది. మెయిన్ రోడ్డు మీదికొచ్చి పది నిమిషాలు నడిపేసరికి దానంతటదే పోతుంది, ఇంక రోజంతా రాదు. టెంపరేచర్ ముల్లు మాత్రం ఎప్పుడూ మధ్యలోనే, అటూ ఇటూ కదలదు.

ఇంటి దగ్గర మెకానిక్‌కి చూపిస్తే బానెట్ ఎత్తి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బా మూత తీసి, పక్కన డ్రమ్ములో ఉన్న బోరు నీళ్ళు ఒక అర లీటరు పోసి "ఏం లేదు సార్, సెన్సార్ ప్రాబ్లం, ఈ బండ్లన్నిటికీ వస్తది" అన్నాడు. రెండు వారాలు లైటు రాలేదు. మొన్న సోమవారం నుంచి మళ్ళీ మొదలు. మళ్ళీ వెళ్తే సెన్సార్ మార్చేద్దాం, ఆర్డర్ పెట్టాలి అంటున్నాడు. బండి కింద నేలంతా చూశా, ఒక్క చుక్క లేదు.

వచ్చే శనివారం అమ్మని తీసుకుని విజయవాడ వెళ్ళాలి, 270 కిలోమీటర్లు, అందులోనూ మే నెల ఎండ. వెళ్ళొచ్చంటారా? సెన్సార్ మారిస్తే సరిపోతుందా?

రెండేళ్ళ_లైటు:

బ్రో, లైటే కదా, లైట్ తీసుకో. నా బండిలో రెండేళ్ళ నుంచి వెలుగుతూనే ఉంది, ఏం కాలేదు. డబ్బా దగ్గర సెన్సార్‌కి రెండు వైర్ల సాకెట్ ఉంటది, కొన్ని బండ్లకి అది పీకేస్తే చాలు, కొన్నిటికి రెండు వైర్లు కలిపెయ్యాలి, లైటు పోద్ది. నేను బద్ధకించి అది కూడా చెయ్యలేదు. సెన్సార్ కొనడం డబ్బులు దండగ.

గ్రీజు_చేతులు:

పైన తమ్ముడు చెప్పింది మాత్రం చెయ్యకండి. కుక్క మొరుగుతోందని కుక్క మూతి కట్టేస్తే దొంగ వెనక్కి పోడు కదా.

నేను ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మీ జవాబు మీ రాతలోనే ఉంది సార్. మెకానిక్ అర లీటరు పోశాడు, రెండు వారాలు లైటు రాలేదు. సెన్సార్ పోయుంటే నీళ్ళు పోస్తే ఎందుకు ఆగుద్ది? ఆగిందంటే సెన్సార్ దాని పని అది చక్కగా చేస్తోంది. ఆ అర లీటరు రెండు వారాల్లో ఎటో పోయింది, ఎటు పోయిందో అది వెతకాలి. చల్లటి ఇంజన్ మీద చూసినప్పుడు లెవెల్ కింది గీతకీ పై గీతకీ మధ్యలో ఉండి కూడా లైటు వస్తుంటే అప్పుడు సెన్సార్‌ని అనుమానించండి, పిన్నులకి తుప్పు పట్టిందా, ఫ్లోట్ ఇరుక్కుందా చూద్దాం. కింది గీత కంటే తక్కువుంటే మాత్రం సెన్సార్ ఊసే ఎత్తొద్దు.

పొద్దున వచ్చి పది నిమిషాలకి ఎందుకు పోతుందంటే, కూలెంట్ వేడెక్కితే పెరుగుద్ది. మొత్తం ఒక ఆరు లీటర్లు ఉందనుకోండి, చల్లటి ఇంజన్ 90 డిగ్రీలకి వెళ్ళేసరికి దాదాపు పావు లీటరు పెరిగి డబ్బాలోకే వస్తుంది. అంటే మీ లెవెల్ ఇప్పుడు సరిగ్గా అంచు మీదుంది, చల్లగా ఉన్నప్పుడు సెన్సార్ కిందికి, వేడెక్కాక పైకి. ర్యాంప్ మీదే బీప్ రావడం కూడా అందుకే, బండి వాలితే డబ్బాలో నీళ్ళు ఒక పక్కకి పోతాయి. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నాళ్ళకి లైటు రోజంతా ఉంటుంది.

ఇక నేల మీద చుక్క లేదంటే లీకు లేదని కాదు. బండి వేడి మీద, లోపల ప్రెజర్ ఉన్నప్పుడే కారుద్ది, కారింది కారినట్టే ఇంజన్ వేడికి ఆవిరైపోద్ది, నేల దాకా ఏం వస్తుంది. కానీ మరక దాచుకోలేదు. రాత్రి పూట టార్చి పెట్టి చూడండి, పగలు కన్నా బాగా కనపడుద్ది. హోస్ పైపులకి క్లిప్పులుండే చోట, రేడియేటర్ పక్క ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంకి కలిసే అంచు, ఆ తర్వాత వాటర్ పంపు. పంపుకి చిన్న బొక్క ఒకటి కంపెనీ వాళ్ళే కావాలని పెడతారు, లోపల సీలు అరిగితే అందులోంచి బయటికి కారి మనకి తెలియాలని. అక్కడ ఉప్పు పేరుకున్నట్టు తెల్లగానో, కూలెంట్ రంగులోనో పొక్కు కట్టి ఉంటే పంపు టైమ్ అయిపోయినట్టే. మీది డీజిల్ కాబట్టి ఈజీఆర్ కూలర్ అని ఒకటుంటుంది, ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగని కూలెంట్‌తో చల్లబరిచేది, అది లోపల పగిలితే బయట మరక కూడా ఉండదు, తెల్ల పొగై సైలెన్సర్‌లోంచి పోద్ది. కారు లోపల ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసనొస్తూ, అద్దం మీద జిడ్డుగా ఆవిరి పడుతుంటే హీటర్ కోర్, అంటే కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్, కారుతున్నట్టు. ఏసీ నీళ్ళు వేరే, వాటికి వాసనా ఉండదు జిడ్డూ ఉండదు. అవి చూసి కంగారుగా వచ్చేవాళ్ళు ఎండాకాలంలో మా షెడ్డుకి రోజుకొకరు.

అన్నిటికంటే ఖర్చుది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు, అది పోవడం. స్టార్ట్ చేసిన వెంటనే డబ్బాలో బుడబుడా బుడగలొస్తున్నా, రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే పై హోస్ పైపు రాయిలా గట్టిగా ఉన్నా, ఆయిల్ స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపించినా బండి తియ్యొద్దు, ఫోన్ చేసి తీసుకెళ్ళమనండి. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రం కాస్త మీగడ ఉందని భయపడక్కర్లేదు, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండ్లకి చెమ్మ వల్ల కూడా వస్తుంది.

ఒక పని చెయ్యండి. పొద్దున్నే, స్టార్ట్ చెయ్యక ముందు, బండి రోజూ ఆగే చోటే ఉండగా డబ్బా మీద మార్కర్‌తో లెవెల్ గీత గీయండి. మర్నాడు అదే టైంకి, అదే చోట ఇంకోటి. నాలుగు రోజులు చూసి ఇక్కడ రాయండి.

ముల్లు_మధ్యలో:

ముల్లు మధ్యలోనే ఉంది కదా అన్న ధైర్యం మాత్రం పెట్టుకోకండి అండీ. నేనూ అలాగే అనుకున్నాను.

మూడేళ్ళ క్రితం మేలోనే, పిల్లలతో హైదరాబాద్ నుంచి కోదాడ వెళ్తున్నాం. పంతంగి టోల్ దాటాక లెవెల్ లైటు వచ్చింది, ముల్లు నార్మల్‌గానే ఉంది కదా, ఊళ్ళోకి వెళ్ళాక చూపిద్దాంలే అనుకున్నా. నార్కెట్‌పల్లి దాటాక ఏసీ వేడిగాలి కొట్టడం మొదలెట్టింది. ముల్లు పైకి పోలేదండీ, కిందికి పడింది. చల్లబడిందేమో అని సంతోషించాను కూడా, ఏం చెప్పమంటారు నా తెలివి. ఇంకో రెండు కిలోమీటర్లకి పికప్ పోయింది, గరగరమని చప్పుడు, ఆగిపోయింది. తర్వాత తెలిసింది, ఆ టెంపరేచర్ సెన్సార్ నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుందట. నీళ్ళే లేకపోతే ఆవిరిలోనో గాలిలోనో ఉండి ఏదో ఒకటి చూపిస్తుంది. కారణం చూస్తే కింది హోస్ పైపు చిట్లి ఉంది, వేలెడు పొడవు కూడా లేదు ఆ చీలిక.

రోడ్డు పక్కన తాటి ముంజలు అమ్మే ఆయన గొడుగు నీడలో రెండున్నర గంటలు కూర్చున్నాం, పిల్లలు మాత్రం ఎంజాయ్ చేశారు. హెడ్ వంకర పోయింది, లేత్ షాపులో చదును (ఫేసింగ్) చేయించి గ్యాస్కెట్ మార్చి అన్నీ కలిపి 46 వేలయింది. హోస్ పైపు ఎంతో తెలుసా, 650.

ట్యాక్సీ_మామ:

ఆ మెకానిక్ మూత తీసిండు అన్నవ్ గదా, ఇంజన్ సల్లగున్నప్పుడు తీసిండా, వేడి మీద తీసిండా? వేడి మీద మూత తియ్యకుర్రి, దండం పెడ్త. 1998ల శ్రీశైలం ఘాట్ల నేను తీసిన, ఇగో ఇప్పటికీ కుడి చెయ్యి మణికట్టు కాడికెళ్లి మోచెయ్యి దాంక తోలు వేరే రంగే. మూత బిగించి ఉన్నంత సేపు లోపల ప్రెజర్ ఉంటది, గందుకే నూరు డిగ్రీలు దాటినా మరగకుండ ఉంటది. మూత తిప్పినవో, ప్రెజర్ పోయి అంత ఒక్కపాలి మరిగి మీదికి ఎగురుతది, చెయ్యి గుంజుకునే టైం గూడ ఇయ్యది. అర్ధ గంట గాదు, ముప్పావు గంట ఆగుర్రి. పై పైపు చేతితోని వత్తితె మెత్తగుండాలె. అప్పుడు మందం బట్ట మడతేసి పెట్టి, ముఖం పక్కకి పెట్టి, జరంత తిప్పి ఉస్సుమనేది మొత్తం అయినంకనే తియ్యాలె. మండుతున్న ఇంజన్ల సల్లటి నీళ్లు గూడ గుమ్మరియ్యకుర్రి, హెడ్ పగుల్తది.

నడిరోడ్డు మీద ముల్లు ఎక్కుతుంటె ఏసీ బంద్ చేసి హీటర్ ఫుల్లు పెట్టి అద్దాలు దించుర్రి. మే నెలల హీటర్ ఏందని ఇంట్లోళ్లు తిడ్తరు, తిట్టనీ. హీటర్ గూడ ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని గుంజి మన మీద కొడ్తది. పక్కకి ఆపే దాంక పనికొస్తది. హీటర్ పెట్టినా సల్లగాలే వచ్చిందనుకో, లోపల నీళ్లు లేనట్టు, అక్కడికక్కడ ఇంజన్ బంద్ చేసుడే.

ఇంకొకటి, ఎవరన్న పసుపు ఎయ్యమంటె ఎయ్యకుర్రి. మా కాలంల రేడియేటర్ కారితె పిడికెడు పసుపు ఏసి ఊరు చేరేటోళ్లం, అబద్ధం జెప్పొద్దు, పని జేసేది. గవి పాత ఇత్తడి రేడియేటర్లు, ట్యూబులు గంత గంత ఉండేటివి. ఇప్పటి బండ్లల్ల సన్నటి సందులు, పసుపు ఏస్తె కారేది ఆగుతదో లేదో గని హీటర్ కోర్ మాత్రం జామైతది.

సెల్లార్_సెడాన్:

అందరికీ చాలా థ్యాంక్స్. గ్రీజు అన్నా, నాలుగు రోజులు గీతలు గీశా. రోజుకి రెండు మిల్లీమీటర్లు, ఒకరోజు మూడు. ఆ రోజు ఓఆర్ఆర్ మీద శంషాబాద్ దాకా వెళ్ళొచ్చా, స్పీడ్‌గా వెళ్తే ఎక్కువ పోతుందనుకుంటా. డబ్బాలో బుడగలు లేవు, ఆయిల్ స్టిక్ శుభ్రంగా ఉంది, కార్పెట్ పొడిగా ఉంది.

నిన్న రాత్రి మా అబ్బాయి టార్చి పట్టుకుంటే నేను ఫోన్ లోపలికి పెట్టి వీడియో తీశా, తల దూరే సందు లేదు మరి. బెల్టు కవర్ కింద అంచు మీద లేత గులాబీ రంగులో పొక్కు, ఎండిపోయిన చక్కెర పాకంలా, గోటితో గీకితే పొడిగా రాలింది. దాని కింద ఒక గీతలాగా జారిన మరక. పంపేనా?

ఇంకో డౌటు. డబ్బాలో ఉన్నది ఒకప్పుడు పింక్ అనుకుంటా, ఇప్పుడు వెలిసిపోయి ఉంది. షాపులో అడిగితే ఆకుపచ్చది ఇచ్చి ఏదైనా ఒకటే అంటున్నాడు. నిజమేనా? మినరల్ వాటర్ కలపొచ్చా?

గ్రీజు_చేతులు:

పంపే. నూటికి తొంభై పాళ్ళు. బెల్టు కవర్ కింద వచ్చిందంటే మీ బండిలో పంపుని తిప్పేది టైమింగ్ బెల్టే అయ్యుండాలి, అంటే పంపు తియ్యాలంటే బెల్టు విప్పాల్సిందే. 98 వేలు తిరిగింది కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ కూడా ఒకేసారి మార్చించుకోండి, ఒక్క లేబర్‌తో పోద్ది. పాత బెల్టే మళ్ళీ ఎక్కిస్తానంటే ఒప్పుకోవద్దు, ఇన్నాళ్ళూ కారిన కూలెంట్ ఆ బెల్టు మీద కూడా పడే ఉంటుంది. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగుతాయి, అప్పుడు మనం మాట్లాడుకునే లెక్కే వేరు.

కొత్త పంపు వేశాక ప్రెజర్ టెస్ట్ చెయ్యమనండి. డబ్బా మూత ప్లేసులో చేతి పంపు బిగించి, మూత మీద రాసున్న ప్రెజర్ దాకా కొట్టి వదిలేస్తారు, పావుగంట దాకా ఆ పంపు మీటర్ ముల్లు దిగకూడదు. ఇంజన్ చల్లగా ఉంటుంది కాబట్టి ఎక్కడైనా కారితే ఆవిరవకుండా చుక్క కళ్ళ ముందే కనపడుద్ది. అసలిది మొదటి రోజే చెయ్యాల్సింది, సెన్సార్ ఆర్డర్ పెట్టే ముందు.

రంగు సంగతి. రంగుని నమ్మొద్దు. కంపెనీకో రంగు కలుపుతారు, పింక్ అంతా ఒకటి కాదు, ఆకుపచ్చ అంతా ఒకటి కాదు. మీ బండి ఓనర్ మాన్యువల్‌లో ఏ గ్రేడు రాశారో చూసి అదే గ్రేడు డబ్బా మీద ఉందా చూసి కొనండి. పాత రకం ఆకుపచ్చది రెండేళ్ళకోసారి మార్చేది, ఇప్పటి ఆర్గానిక్ యాసిడ్ రకాలు ఐదేళ్ళ దాకా వస్తాయి. రెండూ కలిపితే తుప్పు పట్టకుండా కాపాడే మందు దెబ్బతింటుంది, ఒక్కోసారి జెల్లీలా కూడా అవుద్ది. మీదాంట్లో ఇప్పటికే బోరు నీళ్ళు పోశారు కాబట్టి టాప్ అప్ వద్దు, మొత్తం దించేసి ఫ్లష్ చేయించి కొత్తది పోయించండి.

నీళ్ళంటే డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ నీళ్ళని ఐదు లీటర్ల క్యాన్ అమ్ముతారే, అది. కొనేటప్పుడు యాసిడ్ కాదు, నీళ్ళు అని రెండు సార్లు చెప్పండి, రెండూ పక్కపక్కనే పెట్టుకుంటారు మన షాపుల వాళ్ళు. బోరు నీళ్ళతో వచ్చే తంటా మీ ఇంట్లో గీజర్ కాయిల్ చూస్తే తెలుస్తుంది, ఆ తెల్ల పొరే రేడియేటర్ ట్యూబుల్లోనూ కడుతుంది. దారిలో ఏమీ దొరక్కపోతే మినరల్ వాటర్ బాటిల్ పోసి ఇల్లు చేరండి, తప్పులేదు, ఇంజన్ కాలిపోయే కంటే నయం. తర్వాత మార్చుకోవచ్చు. కాన్సన్‌ట్రేట్, అంటే నీళ్ళు కలపని చిక్కటిది, అయితే సగానికి సగం నీళ్ళు కలపాలి, రెడీమిక్స్ అని రాసుంటే చుక్క నీళ్ళు కూడా కలపొద్దు.

ఇంకో మాట. మన ఎండలకి థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కే దాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) అక్కర్లేదు, తీసేస్తా అంటాడు ఎవడో ఒకడు. తియ్యనివ్వకండి. ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, డీజిల్ తాగుతుంది.

శనివారం ఈ పంపుతో మాత్రం విజయవాడ వెళ్ళొద్దు. పని అయితే వెళ్ళండి, లేదా అమ్మగారిని బస్సెక్కించండి.

మంచు_దేశం:

చికాగో నుంచి ఒక చిన్న మాట. ఎండాకాలం వట్టి నీళ్ళతో టాప్ అప్ చేస్తూ పోతే మాకు ఇక్కడ ఇంకో ప్రాబ్లం. సగం సగం మిక్స్ మైనస్ 35 దాకా గడ్డ కట్టదు, పల్చబడిపోతే మైనస్ 10కే కడుతుంది, నీరు మంచయితే తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది కాబట్టి ఇంజన్ బ్లాకే పగలొచ్చు. నేను వచ్చిన మొదటి ఏడాది అక్టోబర్‌లో మా రూమ్మేట్ టెస్టర్‌తో ఒక చుక్క తీసి చూపించే దాకా నాకీ సంగతే తెలీదు. మన దగ్గర చలి లేకపోయినా ఆ టెస్టర్ పనికొస్తుంది, కూలెంట్ ఎంత పల్చబడిందో చెప్తుంది.

రెండేళ్ళ_లైటు:

అన్నా, ఇదంతా చదివి ఇప్పుడే కిందికెళ్ళి నా బండి చూశా. డబ్బాలో నీళ్ళు లేవు. అడుగున ఇటుక పొడి కలిపినట్టు బురద ఉంది. రేపు ఆఫీసుకి తియ్యొచ్చా?

గ్రీజు_చేతులు:

తియ్యొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోసి చూడు, ఎన్ని లీటర్లు పడుతుందో లెక్కపెట్టు. లీటరు లోపు అయితే మెల్లగా దగ్గర్లో ఉన్న షెడ్డు దాకా పోవచ్చు, ముల్లు మీద కళ్ళు పెట్టుకుని. పోస్తున్న కొద్దీ తాగుతూనే ఉందంటే స్టార్ట్ కూడా చెయ్యకు, టోయింగ్ బండి పిలు. రెండేళ్ళు నడిచిందంటే నీ అదృష్టం నాకిస్తే ఒక లాటరీ కొనుక్కుంటా.

సెల్లార్_సెడాన్:

అప్‌డేట్. పంపు, బెల్టు, టెన్షనర్, కొత్త కూలెంట్, ఫ్లష్ అన్నీ కలిపి 11,400 అయింది, వేరే షెడ్డులో చేయించా. పాత పంపు చేతికిచ్చారు, పుల్లీ పట్టుకుని ఊపితే పాత సైకిల్ పెడల్‌లాగా లడలడా ఆడుతోంది. దించిన నీళ్ళు చూస్తే అచ్చం హోటల్ టీ. ప్రెజర్ టెస్ట్ నా ముందే చేశారు, ముల్లు కదల్లేదు. మర్నాడు డబ్బాలో లెవెల్ కొంచెం దిగితే కంగారు పడ్డా, ఎక్కడో మిగిలిన గాలి బయటికొచ్చి సర్దుకుంటుంది అన్నారు, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి టాప్ అప్ చేశా, తొమ్మిది రోజుల్నుంచి గీత మీదే ఉంది. సెన్సార్ పాతదే, బీప్ లేదు.

శనివారం అమ్మ బస్సులోనే వెళ్ళింది, నేను ఆదివారం బండి వేసుకెళ్ళి తీసుకొచ్చా. చిల్లకల్లు టోల్ దగ్గర అరగంట ట్రాఫిక్ జామ్‌లో 44 డిగ్రీల ఎండలో ఆగాం, ముల్లు మధ్యలోనే ఉంది, ఈసారి నమ్మా.

మిగిలిన కూలెంట్ ఒక ముప్పావు లీటరు ఉంటే పాత కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి డిక్కీలో పెట్టుకున్నా, దారిలో టాప్ అప్‌కి పనికొస్తుందని.

గ్రీజు_చేతులు:

అంతా బాగుంది కానీ సార్, ఆ బాటిల్ ఇప్పుడే వెళ్ళి తీసెయ్యండి. చూడ్డానికి గులాబీ రంగు షర్బత్‌లా ఉంటుంది, రుచి తియ్యగా ఉంటుంది, అది విషం. కిడ్నీలు పోతాయి. మీ ఇంట్లో టార్చి పట్టుకునే అబ్బాయి ఉన్నాడు కదా. వచ్చిన డబ్బాలోనే తిరిగి పోసి మూత బిగించి పైన పెట్టండి. సెల్లార్‌లో ఒలికి ఉంటే నీళ్ళు కొట్టి కడగండి, కుక్కలు పిల్లులు నాకుతాయి.

సెల్లార్_సెడాన్:

తీసేశా అన్నా. ఒరిజినల్ డబ్బా మొన్ననే పాత సామాన్ల వాడికి వేసేశా, అందుకని మొత్తం తీసుకెళ్ళి షెడ్డులో వాళ్ళ పాత కూలెంట్ డ్రమ్ములో పోసి వచ్చా.